ఫార్మాట్ కొట్టే ముందు: గేమింగ్ సిస్టమ్‌ను లినక్స్‌కు మార్చేటప్పుడు ఎక్కడ ఇరుక్కుంటాం, ఎందుకు

ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 కార్డు. 2017 ప్రాంతంలో ముచ్చటపడి అసెంబుల్ చేయించుకున్న ఇలాంటి సిస్టమ్‌లు కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో ఇంకా బాగానే ఆడుతున్నాయి. చిక్కల్లా విండోస్‌తోనే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. పొడిగింపు పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి, అంతే. పోనీ విండోస్ 11 వేద్దామంటే, అది ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 వరస నుంచి మాత్రమే ఒప్పుకుంటుంది. పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలంటుంది. ఊరు కడపే అయినా ఆ గడప తొక్కనివ్వదు.

ఇక మిగిలింది లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. వెంటనే వచ్చే ప్రశ్న, "అందులో ఆటలు ఆడతాయా?" అని. ఈ ప్రశ్న పాతబడింది. ఆడతాయి. ఒకరే కూర్చుని ఆడుకునే కథ ఆటల్లో చాలావరకు స్టీమ్ అనే ఆటల స్టోర్‌లో ఇన్‌స్టాల్ నొక్కితే చాలు, నడిచిపోతాయి. ఇప్పుడు అడగాల్సింది వేరు: "నా ఆటను తయారుచేసినవాళ్లు లినక్స్‌లో ఆడనిస్తారా?" సిస్టమ్ సత్తాకు, ఈ అనుమతికి సంబంధం లేదు. ఇది తేల్చుకోకుండా ఫార్మాట్ కొట్టినవాళ్లే రెండో రోజు మళ్లీ విండోస్ పెన్‌డ్రైవ్ వెతుక్కుంటారు.

దుబాసి పని

విండోస్ ఆట లోపల ఉండేది ప్రాసెసర్‌కు అర్థమయ్యే కోడే. ప్రాసెసర్ మారలేదు కాబట్టి ఆ కోడ్ లినక్స్ కింద కూడా నేరుగానే నడుస్తుంది. తేడా వచ్చేది ఆట ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఏదైనా అడిగినప్పుడు: ఈ ఫైల్ తెరువు, ఈ శబ్దం వినిపించు, ఈ బొమ్మ గీయి. ఆ అడగడం విండోస్ భాషలో ఉంటుంది. కంపెనీ దొరల కచేరీల్లో దుబాసి కూర్చుని రైతు మాట దొరకూ దొర మాట రైతుకూ చెప్పినట్టు, ఇక్కడ వైన్ అనే సాఫ్ట్‌వేర్ మధ్యలో నిలబడుతుంది. దాని పని 1993లోనే మొదలైంది. 2018 ఆగస్టులో వాల్వ్ కంపెనీ ఆ వైన్ మీద తన చేర్పులు కట్టి, ప్రోటాన్ పేరుతో స్టీమ్‌లోనే పెట్టేసింది. 2022లో వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ నడిచేది కూడా లినక్స్ మీద, ఇదే ప్రోటాన్‌తో.

ఆటలకు అసలు బరువు బొమ్మల దగ్గర. విండోస్ ఆటలు డైరెక్ట్‌ఎక్స్‌లో మాట్లాడతాయి. లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్‌కు తెలిసింది వల్కన్ అనే భాష. డైరెక్ట్‌ఎక్స్ 8 నుంచి 11 వరకు మాటలను డీఎక్స్‌వీకే, 12వ దాన్ని వీకేడీ3డీ-ప్రోటాన్ వల్కన్‌లోకి మారుస్తాయి. మొత్తం యంత్రాన్ని నకలు చేసే ఎమ్యులేటర్ కాదు కాబట్టే వేగం పెద్దగా పడిపోదు. ఏఎండీ కార్డుల్లో కొన్ని ఆటలు విండోస్‌లో కంటే చురుగ్గా కూడా ఆడతాయి. ఎన్విడియా కార్డులు మాత్రం డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటల్లో కాస్త వెనకబడతాయి. జీటీఎక్స్ 1060 లాంటి పాస్కల్ తరం కార్డులైతే ఇంకొంచెం ఎక్కువగా. ఆటకు సెట్టింగ్స్‌లో డైరెక్ట్‌ఎక్స్ 11 ఎంచుకునే వీలుంటే ఆ కార్డుల మీద దాన్నే ఎంచుకోవాలి.

దుబాసిని నమ్మని ఆటలు

ఆన్‌లైన్ పోటీ ఆటల్లో మోసగాళ్లను పట్టడానికి యాంటీచీట్ ఉంటుంది. వాలరెంట్‌లోని వ్యాన్‌గార్డ్ లాంటివి విండోస్ కెర్నెల్‌లోనే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలోనే, డ్రైవర్‌గా దిగుతాయి, సిస్టమ్ ఆన్ కాగానే కాపలా మొదలుపెడతాయి. ప్రోటాన్ అనువదించేది మామూలు ప్రోగ్రాముల మాటలను మాత్రమే. ఆ డ్రైవర్ దిగడానికి ఇక్కడ విండోస్ కెర్నెలే లేదు. దుబాసి ఎంత తెలివైనవాడైనా లేని దొరను తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టలేడు కదా.

ఈజీ యాంటీచీట్, బ్యాటిల్‌ఐ అనే రెండు పెద్ద యాంటీచీట్‌లు 2021 నుంచి ప్రోటాన్‌ను ఒప్పుకుంటున్నాయి. అయితే ఆ స్విచ్ ఆట తయారుచేసినవాళ్ల చేతిలో ఉంది. ఎల్డెన్ రింగ్ వాళ్లు వేశారు, నడుస్తుంది. ఫోర్ట్‌నైట్, రెయిన్‌బో సిక్స్ సీజ్, పబ్జీ పీసీ వాళ్లు వేయలేదు, నడవవు. వాలరెంట్, లీగ్ ఆఫ్ లెజెండ్స్, కొత్త కాల్ ఆఫ్ డ్యూటీలు, బ్యాటిల్‌ఫీల్డ్ 6 సంగతీ అంతే. ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకునేవాళ్లూ ఉంటారు: ఏపెక్స్ లెజెండ్స్ బాగా ఆడుతూ ఆడుతూ 2024 అక్టోబర్ 31న లినక్స్‌కు తలుపు మూసేసింది. జీటీఏ 5లో కథ నడుస్తుంది. 2024 సెప్టెంబర్‌లో బ్యాటిల్‌ఐ చేరినప్పటి నుంచి ఆన్‌లైన్ నడవదు. మరోపక్క కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 లినక్స్‌కే నేరుగా వస్తాయి. విచర్ 3, సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ రిడంప్షన్ 2 కథ, జావా మైన్‌క్రాఫ్ట్ హాయిగా ఆడుకోవచ్చు.

ఎమ్యులేటర్‌లో బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ ఆడేవాళ్లు కూడా ఇక్కడే ఆగాలి. బ్లూస్టాక్స్‌కు లినక్స్ రూపం లేదు. ఆండ్రాయిడ్ యాప్‌లను లినక్స్‌లో నడిపే వేడ్రాయిడ్ అనేది ఉంది గానీ, దాన్ని నమ్ముకుని సిస్టమ్ మార్చేయడం తెలివైన పని కాదు. అలాగే విండోస్‌ను వర్చువల్ మెషీన్‌లో పెట్టి వాలరెంట్‌ను ఏమార్చాలని చూడొద్దు. అది పసిగడుతుంది, అకౌంట్ పోయే ప్రమాదమూ ఉంది.

కాబట్టి మొదటి పని కాగితం మీద. గడిచిన ఆరు నెలల్లో నిజంగా ఆడిన ఆటల పేర్లు రాయండి. ఎప్పుడో కొని పక్కన పెట్టినవి వద్దు. ఒక్కో పేరునూ ప్రోటాన్‌డీబీ సైట్‌లో వెతకండి. అక్కడ ప్లాటినం, గోల్డ్ అని పతకాలుంటాయి. వాటితో సరిపెట్టుకోకుండా కిందికి దిగి, మీ కార్డు ఉన్నవాళ్లు ఇటీవల ఏం రాశారో చదవండి. ఆన్‌లైన్ ఆటలకు "ఆర్ వీ యాంటీచీట్ యెట్" అనే సైట్ వేరే ఉంది. హాస్టల్ జట్టు మొత్తం రాత్రి పదింటికి వాలరెంట్‌లో కలుస్తుందనుకోండి, ఈ వ్యాసంలో మీకు పనికొచ్చేది కింద చెప్పే రెండు డిస్కుల పద్ధతి ఒక్కటే.

ఇంకో కాగితం కూడా కావాలి. మన ఇళ్లలో గేమింగ్ సిస్టమ్ ఆటలకే పరిమితం కాదు. పగలు నాన్న అదే సిస్టమ్‌లో ట్యాలీ తెరుస్తాడు. మామ పెళ్లి ఆల్బమ్‌లకు ఫోటోషాప్ వాడతాడు. డీటీపీ పని ఉన్న ఇంట్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉంటాయి. డిజిటల్ సంతకం టోకెన్ గుచ్చి టెండర్లు వేసేవాళ్లుంటారు. వీటిలో ఏ ఒక్కటి రోజూ వాడుతున్నా విండోస్‌ను పూర్తిగా తీసేయకండి. అను ఫాంట్‌లో కొట్టిన పాత ఫైళ్లు యూనికోడ్ కావు, లినక్స్‌లో తెరిస్తే గజిబిజి అక్షరాలు కనబడతాయి. మామూలు తెలుగు టైపింగ్‌కు మాత్రం ఇబ్బంది లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ అన్ని రకాల లినక్స్‌లోనూ సిద్ధంగా ఉంటుంది.

కార్డును బట్టి లినక్స్

లినక్స్‌లో ఏ రకం వేయాలన్న చర్చకు అంతు లేదు. అందులో దిగేముందు మీ గ్రాఫిక్స్ కార్డు పేరు చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఏఎండీ కార్డయితే చేయాల్సింది ఏమీ లేదు. ఆర్‌ఎక్స్ 570, 580 దగ్గర నుంచి కొత్తవాటి దాకా డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లోను, మెసా అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లోను ముందే ఉంటుంది. డ్రైవర్ కోసం సైట్లు వెతకడం, డౌన్‌లోడ్ చేయడం అనే అలవాటు మానుకోవాలి, అంతే. ఒక్క చిన్న లోటు: 4కే టీవీకి హెచ్‌డీఎంఐ 2.1 తీగతో 120 హెర్ట్జ్ కావాలంటే ఏఎండీ డ్రైవర్‌తో పేచీ వస్తుంది, హెచ్‌డీఎంఐ నిబంధనలు చూసే సంస్థ ఓపెన్ సోర్స్ డ్రైవర్‌కు అనుమతి ఇవ్వకపోవడమే కారణం. మానిటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ ఉంటే దాన్నే వాడండి.

ఎన్విడియాలో తరం ముఖ్యం. జీటీఎక్స్ 1650 నుంచి మొదలై ఆర్‌టీఎక్స్ కార్డులన్నీ ఇప్పటి డ్రైవర్లతో నడుస్తాయి. జీటీఎక్స్ 750, 900, 1000 వరసలకు 580 డ్రైవరే ఆఖరిది. 590 నుంచి వాటిని తీసేశారు. ఎప్పటికప్పుడు కొత్తది తెచ్చుకునే ఆర్చ్ లాంటి లినక్స్‌లో దీన్ని చూసుకోకుండా అప్‌డేట్ కొడితే, తెల్లారి డెస్క్‌టాప్ రాదు. ఇంకా పాతదైన జీటీ 710 లాంటి కెప్లర్ కార్డులకు 470 డ్రైవర్ దగ్గరే బండి ఆగింది. దానిలో వల్కన్ 1.2 మాత్రమే ఉంది, ఇప్పటి డీఎక్స్‌వీకేకు 1.3 కావాలి. అంటే లినక్స్ ఎక్కుతుంది, బ్రౌజర్ నడుస్తుంది, కొత్త ప్రోటాన్‌తో ఆట మాత్రం తెరుచుకోగానే మూసుకుపోతుంది. ఈ కార్డున్నవాళ్లు తప్పు లినక్స్‌ది అనుకుని మూడు నాలుగు రకాలు మార్చి చూస్తుంటారు. ఎన్ని మార్చినా అంతే. పాత ప్రోటాన్‌తో కొన్ని ఆడతాయి. లేదంటే సెకండ్‌హ్యాండ్ ఆర్‌ఎక్స్ 570 ఒకటి చూసుకోవడం మేలు.

ఇక రకాల సంగతి. మా ఓటు రెండింటికే: బజైట్ లేదా లినక్స్ మింట్. బజైట్ ఆటల కోసమే తయారైంది. స్టీమ్, డ్రైవర్లు, కంట్రోలర్ సపోర్ట్ అన్నీ లోపలే ఉంటాయి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు కార్డు తరం అడుగుతుంది, సరైనది చెప్పాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లకు దాని అప్‌డేట్ పద్ధతి బాగా కుదురుతుంది. కొత్త సిస్టమ్‌ను పక్కన పూర్తిగా కట్టుకుని, రీస్టార్ట్‌లో దానికి మారుతుంది. సగంలో కరెంటు పోయినా పాతది చెక్కుచెదరదు. కొత్తది నచ్చకపోతే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకోవచ్చు. మింట్‌లో అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ప్యాకేజీలు సగం సగం ఉండిపోతాయి, టెర్మినల్‌లో సరిచేసుకోవాల్సి వస్తుంది. అందుకే మింట్ వేస్తే మొదటి రోజే, సిస్టమ్‌ను పాత స్థితికి తిప్పే టైమ్‌షిఫ్ట్ ఆన్ చేయాలి.

అలాగని మింట్‌ను తక్కువ చేయడం కాదు. విండోస్ అలవాటున్న చేతికి అది తొందరగా పట్టుబడుతుంది, ప్రింటర్ లాంటివి ఇబ్బంది పెట్టవు, పాత ఎన్విడియా డ్రైవర్లు డ్రైవర్ మేనేజర్‌లో ఎంచుకుంటే వచ్చేస్తాయి. ఉబుంటు వేసుకునేవాళ్లకు ఒక్క మాట: దాని స్టోర్‌లో వచ్చే స్నాప్ రకం స్టీమ్ వద్దు. వాల్వ్ సైట్‌లోని డెబ్ ఫైలే వాడండి.

డిస్కు దగ్గరే అసలు కథ

మొదటి వారం వచ్చే ఫిర్యాదులను తవ్వితే చాలావాటి మూలం డిస్కులో తేలుతుంది. అందుకే ఇక్కడ కాస్త నెమ్మదిగా నడవాలి.

అన్నిటికంటే నిశ్చింతైన పద్ధతి లినక్స్‌కు వేరే ఎస్‌ఎస్‌డీ. 500 జీబీ సాటా డిస్కు చాలు. ఇన్‌స్టాల్ చేసే ఆ అరగంట విండోస్ డిస్కు తీగ పీకి పక్కన పెట్టండి. కారణముంది: రెండు డిస్కులూ తగిలించి ఉంటే కొన్ని ఇన్‌స్టాలర్లు లినక్స్ బూట్ ఫైళ్లను విండోస్ డిస్కులోని చిన్న ఈఎఫ్‌ఐ భాగంలో పెట్టేస్తాయి. తర్వాత ఆ డిస్కు తీసినా, ఫార్మాట్ కొట్టినా లినక్స్ కూడా లేవదు. తీగ పీకి ఉంటే ఆ పొరపాటుకు చోటే లేదు. పని అయ్యాక తీగ పెట్టి, ఏది కావాలో బయోస్ బూట్ మెనూలో ఎంచుకోవడమే. చాలా బోర్డుల్లో అది ఎఫ్8, ఎఫ్11 లేదా ఎఫ్12.

ఒకే డిస్కులో రెండూ ఉండాల్సి వస్తే, స్థలం తగ్గించే పని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయండి. ముందు విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ ఏముందో చూడండి. ఆ కాలం సిస్టమ్‌లలో షాపువాళ్లు విండోస్‌ను లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో వేసినవి చాలానే కనబడతాయి. అలాంటిదానిలో పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతిలో బూట్ చేసి లినక్స్ వేస్తే, ఒకే మెనూలో రెండూ కుదరవు. ఇంకో గండం విండోస్ అప్‌డేట్లు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక భద్రతా అప్‌డేట్ పాత బూట్‌లోడర్లను నిషేధించి, ఎన్నో సిస్టమ్‌లలో లినక్స్‌ను లేవకుండా చేసింది.

విండోస్‌లో ఉండగానే చేయాల్సినవి మూడున్నాయి. ల్యాప్‌టాప్ అయితే డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి రికవరీ కీ రాసిపెట్టుకోండి. బయోస్‌లో సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్‌ను కదిలించగానే అది కీ అడుగుతుంది. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నిజం షట్‌డౌన్ కాదు, విండోస్ సగం నిద్రలో ఉంటుంది. ఆ డిస్కును లినక్స్ చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. మూడోది సేవ్ ఫైళ్లు. స్టీమ్ క్లౌడ్ ఉన్న ఆటలకు దిగులు లేదు. లేనివాటికి డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్, దాచి ఉండే యాప్‌డేటా ఫోల్డర్లను కాపీ చేసుకోండి. తర్వాత లినక్స్‌లో అవే ఫోల్డర్లు, ఆ ఆటకు ప్రోటాన్ కట్టిన ఉత్తుత్తి సీ డ్రైవ్ లోపల స్టీమ్‌యూజర్ కింద ఉంటాయి. ఆటను ఒకసారి తెరిచి మూస్తే అవి తయారవుతాయి, అప్పుడు అందులో పెట్టాలి.

ఇప్పుడు అందరూ పడే గొయ్యి. "డీ డ్రైవ్‌లో 600 జీబీ ఆటలున్నాయి, దాన్నే లినక్స్ స్టీమ్‌కు చూపిస్తే పోలా?" చూపిస్తే మొదట పనిచేస్తున్నట్టే ఉంటుంది. ఆ డ్రైవ్ ఉన్నది ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ ఫార్మాట్‌లో. ప్రోటాన్ కట్టే ఫోల్డర్లలో కోలన్ గుర్తున్న పేర్లు, వేరే ఫైలుకు దారి చూపే సింబాలిక్ లింకులు ఉంటాయి. అలాంటి పేర్లు విండోస్‌కు సరిపడవు. దాంతో ఒకరోజు ఆట తెరుచుకోదు, ఇంకోరోజు విండోస్ చెక్‌డిస్క్ నడిపి వాటిని పాడైన ఫైళ్లుగా లెక్కేసి తీసేస్తుంది. లినక్స్ ఆటలుండాల్సింది ఈఎక్స్‌టీ4 లేదా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే లినక్స్ ఫార్మాట్‌లో ఉన్న డిస్కులోనే.

అయితే 600 జీబీ మళ్లీ డౌన్‌లోడ్ చేయాలా అంటే, అక్కర్లేదు. 50 ఎంబీపీఎస్ ప్లాన్‌లో 100 జీబీ ఆట దిగడానికి సజావుగా సాగినా నాలుగున్నర గంటలు పడుతుంది, ఆరు ఆటలంటే ఒకరోజుకు పైనే. స్టీమ్‌యాప్స్ ఫోల్డర్‌లోని కామన్ కింద ఉన్న ఆట ఫోల్డర్‌ను ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసి, లినక్స్ స్టీమ్ లైబ్రరీలో సరిగ్గా అదే చోట పెట్టి, ఇన్‌స్టాల్ నొక్కండి. స్టీమ్ ఉన్న ఫైళ్లను సరిచూసుకుని, తేడా ఉన్నవే తెచ్చుకుంటుంది. పక్క గదిలో స్నేహితుడి విండోస్ సిస్టమ్‌లో అదే ఆట ఉంటే ఇంకా సులువు: ఇద్దరూ ఒకే రౌటర్ మీద ఉండి స్టీమ్‌లో లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ ఆన్ చేస్తే, ఆట ఆ రౌటర్ మీదుగానే వస్తుంది.

రెండో డిస్కును కొత్తగా ఈఎక్స్‌టీ4 చేసినప్పుడు దాని యజమాని రూట్ అనే నిర్వాహక ఖాతా అవుతుంది, మీరు కాదు. స్టీమ్ అందులో లైబ్రరీ పెట్టలేక తప్పు చూపిస్తుంది. యాజమాన్యం మీ యూజర్ పేరుకు మార్చాలి. బూట్ కాగానే అతుక్కునేలా డిస్క్స్ యాప్‌లో పెట్టండి. అక్కడ నోఫెయిల్ అనే మాట చేర్చడం మరవొద్దు. అది లేకుండా ఎప్పుడైనా ఆ డిస్కు తీగ ఊడితే, సిస్టమ్ మొత్తం ఎమర్జెన్సీ మోడ్ అంటూ నల్ల తెర మీద ఆగిపోతుంది.

ఎక్కించే రోజు

పెన్‌డ్రైవ్ 16 జీబీ తీసుకోండి. మింట్‌కు 8 చాలు గానీ బజైట్‌కు సరిపోకపోవచ్చు. మింట్ లాంటివాటికి పెన్‌డ్రైవ్‌ను సిద్ధం చేసే వెంటాయ్ వాడితే ఐఎస్‌ఓ అనే ఇన్‌స్టాల్ ఫైళ్లు కాపీ చేస్తే చాలు, ఒకే పెన్‌డ్రైవ్‌లో నాలుగు రకాలు పెట్టుకోవచ్చు. దింపిన ఐఎస్‌ఓ చెక్‌సమ్‌ను, అంటే ఫైలు సరిగ్గా దిగిందో లేదో తేల్చే గుర్తును, సైట్‌లో ఇచ్చినదానితో పోల్చండి. నెట్ మధ్యలో తెగి దిగిన ఫైలు ఇన్‌స్టాల్ 80 శాతం దగ్గర మొరాయిస్తే, నింద డిస్కు మీదికి పోతుంది.

ఇన్‌స్టాలర్‌లో ఎస్‌ఎస్‌డీ అసలు కనబడకపోతే భయపడకండి. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో డిస్కు రైడ్ లేదా వీఎండీ పద్ధతిలో ఉంటుంది, ఏహెచ్‌సీఐకి మార్చాలి. విండోస్ కూడా ఉంచుకునేవాళ్లు మాత్రం సిద్ధం కాకుండా మారిస్తే విండోస్ నీలి తెర చూపిస్తుంది. మార్చే ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, మార్చాక ఒకసారి ఆ మోడ్‌లో లేపితే సర్దుకుంటుంది.

ఎన్విడియా కార్డూ, సెక్యూర్ బూట్ రెండూ ఉన్నచోట ఇంకో మలుపుంది. డ్రైవర్ వేశాక మొదటి రీస్టార్ట్‌లో నీలి తెర మీద మాక్ మేనేజ్‌మెంట్ అని అడుగుతుంది. ఏదో ఎర్రర్ అనుకుని కంటిన్యూ బూట్ నొక్కేస్తారు, లేదా చూస్తుండగానే పది సెకన్లు గడిచి దాటిపోతుంది. అక్కడ ఎన్‌రోల్ మాక్ ఎంచుకుని, ఇన్‌స్టాల్ సమయంలో పెట్టిన పాస్‌వర్డ్ కొట్టాలి. బజైట్‌కైతే ఆ పాస్‌వర్డ్ యూనివర్సల్‌బ్లూ, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కలిపి. ఇది దాటిపోతే డ్రైవర్ లోడ్ కాదు. డెస్క్‌టాప్ వస్తుంది, ఆట తెరిస్తే మాత్రం అయిదారు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే బొమ్మలు) లేదా ఎర్రర్. వాలరెంట్ కోసం విండోస్ 11 ఉంచుకోని పాత సిస్టమ్ అయితే సెక్యూర్ బూట్ ఆపేయడమే దగ్గరి దారి.

యూఎస్‌బీ వైఫై డాంగిల్ గుచ్చినా నెట్ రాకపోతే, అది రియల్‌టెక్ చిప్పుదై ఉండొచ్చు. కొన్నిటికి డ్రైవర్ వేరుగా వేసుకోవాలి. డ్రైవర్ దింపాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి! ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో తగిలించి టెథరింగ్ ఆన్ చేయండి, ఏ డ్రైవరూ అడగకుండా పనిచేస్తుంది.

స్టీమ్‌లో

సెట్టింగ్స్‌లో కంపాటిబిలిటీ పేజీ చూడండి. విండోస్ ఆటలకు ప్రోటాన్ అక్కడ ఆన్ అయి ఉండాలి. ఒక ఆట మొండికేస్తే దాని ప్రాపర్టీస్‌లో వేరే ప్రోటాన్ ఎంచుకోవచ్చు. మొదట ప్రోటాన్ ఎక్స్‌పెరిమెంటల్ చూసి, తర్వాత బయటివాళ్లు చేర్పులు కట్టిన జీఈ-ప్రోటాన్ వైపు పోవాలి. దాన్ని ప్రోటాన్‌అప్-క్యూటీ అనే యాప్‌తో తెచ్చుకోవచ్చు. కథ మధ్యలో వీడియో రావాల్సిన చోట పాత దూరదర్శన్‌లా రంగుల పట్టీలు కనబడితే కారణం వీడియో కోడెక్. అక్కడ జీఈ-ప్రోటాన్ ఎక్కువగా పనిచేస్తుంది. కొన్ని ఆటలకు లినక్స్ రూపం ఉంటుంది గానీ ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు. అలాంటివాటికీ బలవంతంగా ప్రోటాన్ పెట్టడమే మంచిది.

ఆట ముందు "ప్రాసెసింగ్ వల్కన్ షేడర్స్" అంటూ ప్రాసెసర్ మొత్తం పరుగెడుతుంది. స్కిప్ నొక్కినా నష్టం లేదు. డేటా లెక్క చూసుకునే ప్లాన్‌లో ఉంటే డౌన్‌లోడ్స్ పేజీలో షేడర్ ప్రీ-క్యాషింగ్ ఆపేయండి. లేదంటే ఆటలన్నిటికీ కలిపి తెలియకుండానే డేటా కరుగుతుంది.

ఎపిక్, గాగ్ ఆటలకు హీరోయిక్ లాంచర్ ఉంది. మోడ్లు, అంటే ఆటకు అభిమానులు చేసిన మార్పులు, వేసి శాన్ ఆండ్రియాస్ ఆడేవాళ్లకు ఒక కిటుకు. మోడ్ లోడర్లు డీఇన్‌పుట్8 లాంటి పేరుతో ఒక డీఎల్‌ఎల్ ఫైలు ఆట ఫోల్డర్‌లో పెడతాయి. వైన్‌కు అదే పేరుతో సొంత ఫైలుంది, దాన్నే తీసుకుంటుంది, మీ మోడ్‌ను పట్టించుకోదు. ప్రోటాన్‌ట్రిక్స్‌తో ఆ ఆటకు వైన్ కాన్ఫిగరేషన్ తెరిచి, లైబ్రరీస్ ట్యాబ్‌లో ఆ పేరు చేర్చి, ముందు నేటివ్ తర్వాత బిల్టిన్ అని పెట్టాలి. అప్పుడు మోడ్ లేస్తుంది.

కంట్రోలర్లలో తీగ ఉన్న ఎక్స్‌బాక్స్ రకం, పీఎస్4, పీఎస్5వి గుచ్చగానే పనిచేస్తాయి. చవక రకాలు తలతిక్కగా ప్రవర్తిస్తే మోడ్ బటన్ నొక్కిపట్టి ఎక్స్-ఇన్‌పుట్‌కు మార్చండి. రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఆట ఏ కార్డు మీద నడుస్తోందో, తెర మీదే వివరాలు చూపించే మ్యాంగోహడ్ పెట్టి చూడండి. మందకొడిగా ఆడుతుంటే చాలాసార్లు అది ఇంటెల్ చిప్పు మీద నడుస్తుంటుంది.

ఎండ, కరెంటు

మే నెలలో బయట 42 డిగ్రీలుంటే గదిలో కార్డు ముందే కాగి ఉంటుంది. విండోస్‌లో కార్డు వేగం, వేడి సర్దుకోవడానికి ఆఫ్టర్‌బర్నర్ వాడేవాళ్లకు ఇక్కడ లాక్ట్ ఉంది. అందులో పవర్ లిమిట్ తగ్గించుకోవచ్చు. ఆర్‌ఎక్స్ 580 లాంటి కార్డుకు దాన్ని కాస్త తగ్గిస్తే కొద్ది ఎఫ్‌పీఎస్ పోతుంది, ఫ్యాన్ మోత బాగా తగ్గుతుంది. ఏఎండీలో వోల్టేజీ కూడా ముట్టుకోవాలంటే ముందు ఓవర్‌క్లాకింగ్ అనుమతి ఆన్ చేసి రీస్టార్ట్ చేయాలి. 60 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లు మ్యాంగోహడ్‌లో 60 ఎఫ్‌పీఎస్ పరిమితి పెట్టుకుంటే చాలు, వేడి దానంతటదే దిగుతుంది.

600 వీఏ యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లు, అదీ కొద్ది నిమిషాలు. ఆట సేవ్ చేసి షట్‌డౌన్ కొట్టడానికే ఆ సమయం. అప్‌డేట్ మాత్రం కరెంటు నిలకడగా ఉండే వేళ చూసి కొట్టండి.

రెండు ఓఎస్‌లు ఉంచుకున్నవాళ్లకు గడియారం ఒక వింత చూపిస్తుంది: లినక్స్ నుంచి విండోస్‌లోకి రాగానే టైమ్ సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. బోర్డు గడియారాన్ని లినక్స్ గ్రీన్‌విచ్ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. సెల్ అయిపోయిందని బోర్డు బ్యాటరీ మార్చేవాళ్లున్నారు. బోర్డు గడియారాన్ని లోకల్ టైమ్‌లో ఉంచమని లినక్స్‌కు చెబితే సరిపోతుంది.

వెనక్కి రావాల్సి వస్తుందేమో అన్న అనుమానం ఉంటే విండోస్ ఐఎస్‌ఓ కూడా అదే వెంటాయ్ పెన్‌డ్రైవ్‌లో ముందే వేసుకోండి, 32 జీబీది అయితే రెండూ పడతాయి. అసలైన లైసెన్స్ ఉన్న విండోస్ 10 అదే మదర్‌బోర్డ్ మీద మళ్లీ వేస్తే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. షాపులో యాక్టివేటర్ నడిపి వేసిచ్చిన విండోస్ అయితే తిరిగి రావడానికి లైసెన్సే లేదు. ఫార్మాట్ కొట్టే ముందు సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ ఒకసారి తెరిచి చూడండి, మీది ఏ రకమో చాలావరకు అక్కడ తెలుస్తుంది.